మరమేకులకు కొలత నేర్పిన సర్ జోసెఫ్ విట్‌వర్తు

ఆవిరితో నడచు చిన్న నమూనా పొగబండి ఇంజనును మన చదువరులలో కొందఱైనను చూచియే యుందురు. నా మిత్రునియొద్ద అట్టిది యొకటి కలదు. అతని తాతగారు దానిని ఇంగ్లండునుండి తెప్పించిరట. పొడవు మూరెడు, బాయిలరు రాగిది, సిలిండరులు ఇత్తడివి. అడుగున సారాదీపము వెలిగించి నీరు కాచినచో నిజమైన ఇంజనువలెనే బుసకొట్టుచు చిన్న పట్టాలమీద పరుగెత్తును. అంతటి ముచ్చటైన వస్తువు చాలకాలము మూలబడి యుండెను. ఏలయనగా, ఒక సిలిండరు మూతను బిగించు ఆరు మరమేకులలో ఒకటి యెచ్చటనో రాలిపోయెను. ఆ సందునుండి ఆవిరి చిమ్ముకొని పోవుటచే చక్రములు కదలకుండెను. బజారునుండి మరమేకు నొకదానిని తెచ్చి దూర్చగా నది రెండు చుట్లు తిరిగి మొరాయించెను. ఇంకను బలవంతపెట్టి యుండినచో ఇత్తడిలోని పళ్ళు తెగి సిలిండరే పాడైపోయి యుండెడిది. చూపునకు రెండు మరమేకులును ఇంచుమించుగ నొక్కటియే. క్రొత్తది రవ్వంత సన్నము. కాని చుట్టునకు చుట్టునకు నడుమ గల దూరమున తలవెండ్రుక పాటి భేదముండెను. మరమేకు విషయమున ఆ వెండ్రుకయే కొండ.

సరియైన మరమేకు తుదకు దొరకినది. అది యెట్లు దొరకినదో తరువాత చెప్పెదను. దొరకుట సాధ్యమగుటకు మూలపురుషుడైన వాని చరిత్రము ముందుగా చెప్పవలసియున్నది. ఒకరు చేసిన మరమేకు మఱియొకరు చేసిన రంధ్రమున పట్టుననుట నేడు మనకు వింతగా తోచదు. నూటయెనుబది యేండ్లకు పూర్వము అది వింతయే. ఆ కాలమున ఇంగ్లండులోని యే కార్ఖానాకు ఆ కార్ఖానా తనకు తోచిన రీతిని మరలు కోసికొనుచుండెను. ఒకని మర నిటారైన పళ్ళు గలది. వేఱొకనిది బల్లపరుపుగా నుండునది. ఒకచో అంగుళమునకు పది చుట్లు, మఱియొకచో పదునొకండు. ఒకే కార్ఖానాలో సయితము ప్రతి బోల్టునకును దాని నట్టునకును జత గుర్తు పెట్టి భద్రముగా నుంచెడివారు. ఆ గుర్తు చెరిగిపోయినచో దంపతులను విడదీసినట్లే. దూరదేశమున ఇంజను చెడిన యెడల దానిని చేసినవానికే కబురు పంపవలెను. అతడు లేకున్నచో రంధ్రమును మఱల తొలిచి క్రొత్త మర కోయవలెను. ఈ దురవస్థను మాన్పినవాడు జోసెఫ్ విట్‌వర్తు.

ఇతడు 1803వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన మాంచెస్టరునకు సమీపమున నున్న స్టాక్‌పోర్టు పట్టణమున జన్మించెను. తండ్రి చార్లెసు బడిపంతులు. తరువాత క్రైస్తవ మతబోధకుడై వేఱు ఊళ్ళకు పోయెను. తల్లి చిన్ననాడే గతించెను. తల్లి లేని బాలునకు ఇల్లనునది యొకచోట నిలుకడగా నుండలేదు. కొన్నాళ్ళు లీడ్సు పట్టణము చేరువనున్న యొక పాఠశాలలో చదివి, పదునాలుగవ యేట డర్బీషైరులో నూలుమిల్లు నడపుచున్న మేనమామ కడకు పని నేర్చుకొన పంపబడెను. పిల్లవాడు నాలుగేండ్లలో అందలి యంత్రములనన్నిటిని ఆకళించుకొనెను. అతనిని వ్యాపారమున పాలివానిగా జేసికొనవలెనని మేనమామ తలపు. పిల్లవాని తలపు వేఱు. నూలు అమ్ముకొని ధనికుడగుటకంటె ఆ నూలు వడకు యంత్రములను చేయుటయే యతనికి వేడుక. యంత్రములు సరిగా పొందిక లేక, వదులువదులుగా చేయబడి యుండుట అతని కంటికి గిట్టలేదు. తుదకు మేనమామకు చెప్పకయే మాంచెస్టరు చేరి, అచ్చటి కార్ఖానాలలో సామాన్యపు పనివాడుగా ప్రవేశించెను. పెద్దల మాట జవదాటుట మంచిదని నేను చెప్పబోను, జరిగినది మాత్రమిది.

1825వ సంవత్సరమున ఫానీ ఆంకర్సు అను నామెను పెండ్లియాడి లండను నగరమునకు బోయెను. అచ్చట ఆ కాలమున హెన్రీ మాడ్‌స్లే యొక్క కార్ఖానా యంత్రకారులకు గురుకులము వంటిది. మరను ఖచ్చితముగా కోయగల లేతు యంత్రమును 1800 ప్రాంతమున సిద్ధపఱచినవాడు మాడ్‌స్లేయే. అతడు తన కార్ఖానా మట్టునకు మరల కొలతలను కొంత క్రమమున నుంచెను. అచ్చట విట్‌వర్తు ప్రక్కబల్లమీద పనిచేయుచుండిన హాంప్సను అనువాడు ఆ కార్ఖానాలో నేర్పరియని పేరుబడ్డ యార్కుషైరువాడు. సంపూర్ణముగా చదునైన లోహఫలకమును చేయవలెనని విట్‌వర్తు తన కోరికను చెప్పగా అది కాని పనియని యతడు కొట్టిపారవేసెనట. విట్‌వర్తు వాదింపక, పనిగంటలు గడచిన తరువాత తన యింట గూర్చుండి యభ్యసించి, ఆ ఫలకములను చేసి తెచ్చి యతని యెదుట పెట్టెను.

ఈ చదును ఫలకముల సంగతి కొంచెము విరివిగా చెప్పెదను. ఇది తెలియక విట్‌వర్తు మనస్సు తెలియదు. రెండు ఇనుప పలకలను నడుమ కురువిందపు పొడి చల్లి యొకదానిపై నొకటి యరగదీయుట పూర్వపు పద్ధతి. పొడి యంతటను సమముగా పరచుకొనదు. ఒకచోట పేరుకొని యచ్చట నెక్కువ కొఱుకును. మఱియొక దోషము సూక్ష్మమైనది. ఒక పలక నడుమ ఉబ్బియుండి రెండవది అంతే పల్లముగా నున్నను అవి రెండును చక్కగా నొకదానిలో నొకటి యొదిగికొనును. కావున రెండు పలకలు కలిసినంత మాత్రమున అవి చదునని నమ్మరాదు. విట్‌వర్తు మూడు పలకలను దీసికొనెను. మొదటిది రెండవదానితోను, రెండవది మూడవదానితోను, మూడవది మఱల మొదటిదానితోను సరిపోవలెను. ఉబ్బునకు పల్లము జతయగును గాని, రెండు ఉబ్బులకు జతకుదరదు. మూడును పరస్పరము సరిపోయిన నాడు మూడును చదునే. వేఱు మార్గము లేదు. పలకపై జేగురు పలుచగా పూసి రెండవదానితో తాకించినచో ఎత్తైన చోటులయందు ఎఱ్ఱని మరకలు పడును. ఆ చోటులను మాత్రము ఉక్కు ఉలితో కొంచెము కొంచెముగా గీకుదురు. అరగదీయుట గ్రుడ్డిపని, గీకుట కన్నులున్న పని. ఇట్టి ఫలకముల నొకదానిపై నొకటి యుంచిన నడుమ చిక్కిన గాలిపై తేలినట్లు జారును. గాలి వెడలినచో పై దానిని ఎత్తబోయిన క్రింది దియు వెంటవచ్చును. ఈ విధానమును అతడు 1840లో గ్లాస్గో నగరమున బ్రిటిషు విజ్ఞాన సభవారి యెదుట చదివిన వ్యాసమున వివరించెను.

మాడ్‌స్లేను విడిచిన పిదప విట్‌వర్తు హోల్జాప్‌ఫెల్ కార్ఖానాలోను, జోసెఫ్ క్లెమెంటు నొద్దను పనిచేసెను. క్లెమెంటు ఆ దినములలో చార్లెసు బాబేజి కల్పించిన గణనయంత్రమును నిర్మించుచుండెను. అందలి భాగములు వేలకొలది. ఒక్కటియు వెండ్రుకవాసి తప్పరాదు. మరల కొలతలను క్రమపఱుపవలెనని క్లెమెంటు సయితము ప్రయత్నించినవాడే. కావున ఈ తలంపు విట్‌వర్తునకు ఆకాశమునుండి యూడిపడినది కాదు. గురువులు తమ ప్రాకారములలో నాటిన మొక్కను ఇతడు దేశమంతట పెంచెను.

1833లో అతడు మాంచెస్టరునకు మరలివచ్చి ఛోర్ల్‌టను వీథిలో నొక గది యద్దెకు పుచ్చుకొని, తాను లండనునుండి వచ్చిన పనిముట్లు చేయువాడనని బల్ల వ్రాసి తగిలించెను. అతడు చేసినవి యంత్రములను చేయు యంత్రములు: లేతులు, తొలుచు యంత్రములు, చదునుచేయు యంత్రములు. నడుమ వీథులను ఊడ్చు గుఱ్ఱపుబండి యంత్రము నొకదానిని గూడ కల్పించెను. ఈ పనిలో అతనికి మరమేకుల పీడ ప్రతిదినమును కన్పట్టుచుండెను.

ఇక అతడు చేసిన ముఖ్యకార్యము. మర యనునది వ్రేలికి చుట్టిన దారమువంటిది. దానియందు నిర్ణయింపవలసినవి మూడు: చుట్టునకు చుట్టునకు నడుమ దూరమెంత, పంటి లోతెంత, పంటి వాలు ఎట్టిది. చుట్లు దగ్గఱగా నున్న బిగింపు మెత్తగా నుండును గాని పళ్ళు బలహీనములు. ఎడముగా నున్న పళ్ళు బలిష్ఠములు గాని మేకు నడుమ సన్నబడును. ఇవన్నియు నొకదాని నొకటి లాగుచుండును. ఏది సర్వోత్తమమో గణితము చెప్పజాలదు. ఇచ్చట సామాన్యుడైన కల్పకుడు తన బుద్ధికి తోచిన మర నొకదానిని గీచి అదియే శ్రేష్ఠమని వాదించి యుండును. కార్ఖానాదారు లెవ్వరును దానిని లెక్కచేసి యుండరు. విట్‌వర్తు అట్లు చేయలేదు. ఇంగ్లండులోని ప్రసిద్ధ కార్ఖానాలనుండి వీలైనన్ని బోల్టులను సేకరించి, వానినన్నిటిని కొలిచి, సగటు తీసెను. పళ్ళ వాలు సగటున 55 డిగ్రీలని తేలెను. ఆ వాలునే యంగీకరించి, పంటి కొనయందును మొదటియందును ఆఱవవంతు చొప్పున గుండ్రముగ చేయవలెనని విధించెను. కాలంగుళపు లావు గల బోల్టునకు అంగుళమునకు 20 చుట్లు, అరయంగుళపుదానికి 12, అంగుళపుదానికి 8 అని పట్టిక యేర్పఱచెను. 1841లో సివిలు ఇంజనీర్ల సంస్థ యెదుట ఈ విషయమై వ్యాసము చదివెను.

ఈ పట్టికలో నొక యుపాయమున్నది. సగటు అగుటచేత అది యెవ్వరి మరయు గాదు. కాని యెవ్వరి మరకును మిక్కిలి దూరము గాదు. ప్రతివాడును కొంచెము వదలుకొనవలెను, ఎవ్వడును ఓడిపోయినట్లు తలవంచుకొన నక్కఱలేదు. దానికి తోడు విట్‌వర్తు తన పట్టిక ప్రకారము మర కోయు ట్యాపులను, డైలను తన కార్ఖానాలోనే మిక్కిలి చక్కగా చేసి యమ్మెను. మాటకంటె పనిముట్టు త్వరగా వ్యాపించును. రైలు కంపెనీలు మొదటనే దీని లాభమును గ్రహించెను. కొలది కాలముననే బ్రిటనులో విట్‌వర్తు మర సర్వసామాన్యమయ్యెను. పిమ్మట మన దేశమునకు ఓడలమీద వచ్చిన బ్రిటిషు ఇంజనులలోని మరలును ఈ పట్టికకు చెందినవే.

కొలత లేనిదే పట్టిక వట్టి కాగితము. అందుచే విట్‌వర్తు కొలుచు యంత్రములపై మనసు పెట్టెను. అంగుళమును పదిలక్షల పాళ్ళు చేసి అందొక పాలును కనుగొనగల యంత్రమును అతడు నిర్మించి, 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమున నుంచెను. దాని కీలు ఎంత సులువైనదో చూడుడు. అంగుళమునకు 20 చుట్లుగల మర యొకటి. దానిని త్రిప్పు చక్రమునకు 200 పళ్ళు. ఆ చక్రమును నడపు మరతో గూడిన రెండవ చక్రపు అంచున 250 గీతలు. ఇరువదిని రెండువందలచే, దానిని మఱల రెండువందల యేబదిచే హెచ్చవేసిన పదిలక్షలగును. గీత యొక్కటి జరిగిన పదిలక్షల వంతు జరిగినట్లు. అంత స్వల్పమును కన్ను పట్టజాలదు గనుక చిన్న చదునుబిళ్ళ నొకదానిని నడుమ నుంచెడివాడు. బిగువున్నంతవరకు అది నిలిచియుండును. ఒక గీత వదులైన జారిపడును. కొలుచుచున్న ఉక్కుకడ్డీని వ్రేలితో ముట్టినను ఆ వేడికి కడ్డీ సాగుట ఈ యంత్రమునకు తెలియుచుండెను. పనివాండ్రు అంగుళమును ఎనిమిదవ వంతు, పదునాఱవ వంతు అని చెప్పుట మాని వేయి పాళ్ళుగా లెక్కింపవలెనని కూడ అతడు బోధించెను. లేతుపై పనిచేయువారు తరతరములు ఆ వేయవవంతునే మూలమానముగా నెంచిరి.

అతని పట్టిక ఫలమును దేశము యుద్ధకాలమున ప్రత్యక్షముగా చూచెను. క్రిమియా యుద్ధమున బ్రిటిషు నౌకాశాఖవారికి చిన్న ఫిరంగి పడవలు తొందరగా కావలసివచ్చెను. వానికి 60 గుఱ్ఱపు బలముగల ఇంజనులు 90 జతలు. ఒక్క కార్ఖానాకు అది యలవిగాని పని. గ్రీనిచ్‌లోని జాన్ పెన్ను అను ఇంజనీరు మాదిరి ఇంజనులను ముక్కలుగా విప్పి, ఒక్కొక్క భాగము నొక్కొక్క కార్ఖానాకు పంపి, తొంబదేసి చొప్పున చేయించి తెప్పించి, 90 దినములలో ఇంజనులన్నిటిని కూర్చెనని చెప్పుదురు. ఒకరి నొకరు ఎఱుగని పనివాండ్రు చేసిన బోల్టులును నట్టులును ఒకదానిలో నొకటి యమరెను. జత గుర్తులు పెట్టుకొనిన దినములలో ఇది కలలోని మాట.

1853లో న్యూయార్కు ప్రదర్శనమును చూచుటకై ప్రభుత్వము పంపిన సంఘముతో విట్‌వర్తు అమెరికాకు వెళ్ళెను. ప్రదర్శనము సకాలమున సిద్ధము కాకపోవుటచే కార్ఖానాలను తిరిగి చూచి, తుపాకుల భాగములను మార్చి మార్చి కూర్చు పద్ధతిని గమనించి, మరుసటి సంవత్సరము నివేదిక నిచ్చెను.

ఇంతవరకు చెప్పినది జయముల కథ. 1854లో ప్రభుత్వమువారు తుపాకులు చేయు యంత్రములను గూర్చి సలహా యడుగగా, మంచి తుపాకి యెట్లుండవలెనో ముందు తెలియవలెనని యతడు బదులుచెప్పెను. ప్రభుత్వ వ్యయముతో మాంచెస్టరు చేరువ తన యింటి తోటలో 500 గజముల పొడవు గల కప్పుగట్టిన బరి నిర్మించి ప్రయోగములు సల్పెను. ఆఱు పలకల గొట్టము, దానికి తగిన ఆఱు పలకల గుండు అతడు కనిపెట్టిన విశేషము. 1857లో జరిగిన పరీక్షలలో అది సైన్యపు ఎన్‌ఫీల్డు తుపాకిని గుఱిలో మిక్కిలి దాటెను. 1860లో వింబుల్డను మైదానమున విక్టోరియా రాణి ఆ తుపాకితోనే మొదటి గుండు కాల్చి, 400 గజముల దూరమున గుఱి నడుమకు చేరువగా కొట్టెను. అయినను సైన్యము దానిని స్వీకరింపలేదు. వెల యెక్కువ, సన్నని గొట్టమున మసి త్వరగా పేరుకొనును. పెద్ద ఫిరంగుల విషయమున ఆర్మ్‌స్ట్రాంగుతో ఏండ్ల తరబడి పోటీ జరిగెను; తుదకు ప్రభుత్వము ఇద్దఱిలో నెవ్వరి పద్ధతిని స్థిరముగా గైకొనలేదు. అమెరికా అంతర్యుద్ధమున దక్షిణ రాష్ట్రములవారి గుఱికాండ్రు మాత్రము అతని తుపాకులను వాడిరి. దూరమునుండి పొంచి యొక్కొక్కని ప్రాణము తీయుట ఆ తుపాకి ప్రసిద్ధి. మరమేకునకు న్యాయము చేసినవాని చేతనుండియే ఇదియు వచ్చెను, దాచవలసిన పనిలేదు. ఇంకొకటి కూడ నాకు తోచుచున్నది. అందఱి బోల్టులను పోగుచేసి సగటు తీసిన చోట లోకము విట్‌వర్తు వెంట నడచెను. తనది యొక్కటియే సరియని పట్టుబట్టిన ఆఱు పలకల గొట్టమును మాత్రము లోకము విడిచిపెట్టెను.

స్వభావమున అతడు మొండి. లాంకషైరు పామరుల యాస తుదవరకు విడువలేదు. సరసముగా మాటలాడుట తెలియదు. మొదటి భార్యతో పొందిక చెడి చాలకాలము వేఱుగా నివసించెను. ఆమె 1870లో చనిపోగా మరుసటి యేట మేరీ లూయిసా ఓరెల్ అను నామెను వివాహమాడెను. సంతానము లేదు. గౌరవములు మాత్రము వరుసగా వచ్చెను: 1857లో రాయల్ సొసైటీ సభ్యత్వము, మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు పలుమార్లు అధ్యక్షత, 1869లో బారొనెట్ బిరుదు. కరగిన ఉక్కును గొప్ప యొత్తిడికి లోనుజేసి అందలి బుడగలను వెడలించు పద్ధతిని కనిపెట్టి ఫిరంగులకును, ఓడల యిరుసులకును దానిని వినియోగించెను. 1874లో తన వ్యాపారమును కంపెనీగా మార్చినపుడు పనివాండ్రకును అందు వాటాల నిచ్చెను.

విద్యార్థులకు ముఖ్యముగా చెప్పవలసినది 1868 నాటి దానము. విట్‌వర్తు లక్ష పౌనుల మూలధనము నేర్పఱచి, ఏటికి నూరేసి పౌనుల విద్యార్థి వేతనములు ముప్పది స్థాపించెను. దీనియందలి నిబంధన ముచ్చటైనది. పుస్తకములు వల్లించినవాడు చాలడు, సుత్తి పట్టినవాడును చాలడు. సిద్ధాంతమున పరీక్ష యిచ్చి, ఆకురాయి, ఉలి, లేతు మొదలగువానితో చేతిపనియు చూపవలెను. మేనమామ మిల్లునుండి పారిపోయిన కుఱ్ఱవానికి దొరకని మార్గమును ఇతరులకు చూపెనన్నమాట. ఆ వేతనములు నేటికిని ఇయ్యబడుచున్నవి.

ఇక మన నమూనా ఇంజను మరమేకు. విట్‌వర్తు పట్టిక పెద్ద యంత్రములకు చేసినది. గడియారములు, తంతి యంత్రములు, ప్రయోగశాల పరికరములు మొదలగువాని సన్నని మరమేకులు ఇంకను పూర్వపు గందరగోళముననే యుండెను. 1881లో బ్రిటిషు విజ్ఞాన సభవారు దీనికై యొక సంఘము నియమించిరి. ఏడుపదులు దాటిన విట్‌వర్తు కూడ అందుండెను. ఆ సంఘము 1884లో చేసిన సిఫారసు విట్‌వర్తు మరను గాక స్విట్జర్లాండు దేశపు మర ననుసరించినది. జెనీవా నగరపు తూరీ అను పండితుడు అచ్చటి గడియారపు పనివారి మరలను పరిశీలించి యేర్పఱచిన క్రమమది. వాలు 55 గాక 47న్నర డిగ్రీలు. కొలత అంగుళములలో గాక మిల్లీమీటరులలో. సున్న నంబరు మరమేకు 6 మిల్లీమీటరుల లావు, చుట్టునకు చుట్టునకు ఒక మిల్లీమీటరు. తరువాతి నంబరునకు ఆ దూరమున పదింట తొమ్మిది పాళ్ళు, దాని తరువాతిదానికి మఱల అందులో పదింట తొమ్మిది పాళ్ళు, ఇట్లు తగ్గుచు పోవును. నంబరు చెప్పినంతనే చుట్ల దూరము లెక్కకట్టవచ్చును. పనివారి మరలను చూచి కొలత నిర్ణయించు పద్ధతి విట్‌వర్తుదే. అతని యంకెలకే ఈసారి చోటులేకపోయెను. బి.ఏ. మరలని పేరుగాంచిన ఈ సన్న మరమేకులే పిమ్మట బ్రిటనులో నమూనా ఇంజనులు చేయువారి డబ్బాలలో నిండెను. పలుచని బాయిలరు గోడలకు బిగించు కవాటములకు మాత్రము అంగుళమునకు 40 లేక 32 చుట్లుగల సన్నని మరలను 55 డిగ్రీల విట్‌వర్తు వాలుతోనే వారు కోసికొనిరి. మెకానో ఆటవస్తువులలోని చిన్న బోల్టులును విట్‌వర్తు మరవే.

సగటునకు కూడ ఆయువు ముగియును. 1864లో ఫిలడెల్ఫియా నగరపు విలియమ్ సెల్లర్సు 60 డిగ్రీల వాలుగల మరను ప్రతిపాదించెను. కొనలు గుండ్రముగా గాక చదునుగా నుండుటచే సామాన్యుడైన పనివాడు సులువుగా కోయగలడని యతని వాదము. అమెరికా దానిని గ్రహించెను. ఐదు డిగ్రీల ఈ భేదము రెండవ ప్రపంచ యుద్ధమున మిత్రరాజ్యములకు పెద్ద తలనొప్పి యయ్యెను. ఒకరి బోల్టు ఒకరి నట్టునకు పట్టలేదు. 1948 నవంబరులో బ్రిటను, అమెరికా, కెనడా దేశములు 60 డిగ్రీల మరకు సమ్మతించెను. 1965లో విట్‌వర్తు మరలను, బి.ఏ. మరలను క్రొత్త పనులకు వాడవలదని బ్రిటిషు ప్రమాణ సంస్థయే సలహా నిచ్చెను. నేడు బజారున దొరకునవి ఇంచుమించు అన్నియు మిల్లీమీటరు కొలతల 60 డిగ్రీల మరమేకులే. ప్రాత ఇంజను బాగుచేయువానికి ఇందుచేతనే తిప్పలు.

నా మిత్రుడు తుదకు చేసినది ఇది. మూతకు మిగిలిన ఐదు మరమేకులలో ఒకదానిని విప్పి, కొలత సాధనముతో లావు చూడగా 2.8 మిల్లీమీటరులుండెను. దానిని ఉక్కు కొలబద్దప్రక్క నుంచి భూతద్దముతో లెక్కించగా పది చుట్లకు ఐదుంబావు మిల్లీమీటరుల పైచిల్లర పట్టెను. పదింట తొమ్మిది పాళ్ళ చొప్పున ఆఱుమార్లు తగ్గించి చూడగా చుట్టునకు 0.53 వచ్చెను. ఆఱవ నంబరు బి.ఏ. మరమేకని తేలినది. మునుపు బజారునుండి తెచ్చినది రెండున్నర మిల్లీమీటరుల లావున, చుట్టునకు 0.45 దూరమున నుండెడిది. రెండు చుట్లు పోయి నిలిచిపోవుటలో ఆశ్చర్యము లేదు. ప్రాత పద్ధతి మరమేకులను ఇంకను చేసి యమ్ముచున్న ఇంగ్లండులోని యొక చిన్న యంగడికి వ్రాయగా, పండ్రెండు మరమేకులు కాగితపు పొట్లములో తపాలా ద్వారా వచ్చినవి. ఒకటి చాలునుగదా యంటిని. తక్కినవి మనుమలకని యతడు నవ్వెను.

సర్ జోసెఫ్ విట్‌వర్తు 1887వ సంవత్సరము జనవరి 22వ తేదీన మాంటికార్లోలో, ఎనుబదిమూడవ యేట మృతినొందెను. అతని దేహమును డర్బీషైరులోని డార్లేడేలు గ్రామపు దేవాలయపు ఆవరణమున సమాధి చేసిరి. ఆస్తిలో గొప్పభాగము మాంచెస్టరు పట్టణపు విద్యాశాలలకును, ఆసుపత్రులకును, ఉద్యానవనమునకును వినియోగమయ్యెను. అతని పేర 1889లో స్థాపింపబడిన చిత్రశాల ఇప్పుడు ఆ పట్టణపు విశ్వవిద్యాలయమున భాగమై యున్నది.